నరంలో తిండి, కాలేయంలో పూడిక

"ఏటి బాబూ, నరంలోకి పాలెక్కిస్తన్నారేటి?"

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు బయట ఉత్తరాంధ్ర నాయనమ్మలు, అమ్మమ్మలు అడిగే ప్రశ్న ఇది. అద్దంలోంచి చూస్తే కనిపించేది నిజంగా పాలలాగే ఉంటుంది. పంపుకు బిగించిన సిరంజిలో తెల్లటి ద్రవం, దాన్నుంచి దారమంత సన్నటి గొట్టం, గొట్టం చివర అరచేతిలో పట్టేటంత బిడ్డ. అయితే అవి పాలు కావు. సోయా నూనెను కోడిగుడ్డు సొనలోని ఫాస్ఫోలిపిడ్లతో, కాస్త గ్లిసరిన్‌తో కలిపి నీళ్ళలో తేలిపోకుండా చేసిన కొవ్వు. పక్కనే ఇంకో సంచిలోంచి గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, లవణాలు, విటమిన్లు, చిటికెడు జింకు, అంతకన్నా తక్కువ రాగి దిగుతుంటాయి. అన్నీ కలిపి పేరెంటరల్ న్యూట్రిషన్ అంటారు, వార్డు భాషలో టీపీఎన్. పేగుతో పని లేకుండా సరాసరి రక్తంలోకి వెళ్ళే భోజనం.

రెండు మూడు వారాలు గడిచాక అదే నాయనమ్మ నుంచి రెండో ప్రశ్న వస్తుంది. "లైట్లెట్టి కామెర్లు తగ్గించీసారు గదా, మళ్ళీ పచ్చబడిపోతన్నాడేటి?"

మొదటి ప్రశ్నకు నిమిషంలో జవాబు చెప్పొచ్చు. రెండోదానికి జవాబు వెతకడం వైద్యశాస్త్రం 1971లో మొదలుపెట్టింది, ఇంకా ముగించలేదు.

విశాఖపట్నంలో ఈ ప్రశ్నకు బరువెక్కువ. 1923 నాటి ఆంధ్ర మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న కింగ్ జార్జ్ ఆస్పత్రికి, మన కేజీహెచ్‌కి, శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ పాడేరు, అరకు కొండల నుంచీ సరిహద్దు దాటి దక్షిణ ఒడిశా నుంచీ కష్టమైన కాన్పులన్నీ వచ్చి చేరతాయి. ఊళ్ళో ప్రైవేటు ఎన్‌ఐసీయూలూ పెరిగాయి. 2020లో మన దేశంలో 30 లక్షలకు పైగా శిశువులు 37 వారాలు నిండకముందే పుట్టారని అంచనా. ప్రపంచంలో మరే దేశంలోనూ అంతమంది లేరు. వాళ్ళలో 32 వారాలలోపు, కిలోన్నరలోపు పుట్టినవాళ్ళ గురించే ఈ వ్యాసం. కిలో బిడ్డ ఒంట్లో ఉన్న శక్తి నిల్వ, బయటి నుంచి ఏమీ ఇవ్వకపోతే, నాలుగైదు రోజులకు మించి రాదు. పేగు చూస్తే ఇంకా పనికి సిద్ధం కాదు. తొందరపడి పాలు పోస్తే పేగు కుళ్ళిపోయే జబ్బు, ఎన్‌ఈసీ, వస్తుందేమోనని డాక్టర్ల గుండెల్లో భయం. కాబట్టి నరమే దిక్కు.

ఆ దారి తెరుచుకున్నది 1960ల చివర్లో. ఫిలడెల్ఫియాలో స్టాన్లీ డుడ్రిక్, డగ్లస్ విల్మోర్ ముందుగా బీగిల్ కుక్కపిల్లలను నరం ద్వారా ఇచ్చిన ఆహారంతోనే పెంచి చూశారు. 1967లో చిన్నపేగు దాదాపు లేకుండా పుట్టిన ఒక ఆడశిశువుకు అదే పద్ధతి పెట్టారు. ఆ పాప బరువు పెరిగింది, ఎదిగింది, దాదాపు రెండేళ్ళు బతికింది. అంతకు కొన్నేళ్ళ ముందే స్వీడన్‌లో అర్విడ్ వ్రెట్‌లిండ్ సోయా నూనెతో ఇంట్రాలిపిడ్ తయారుచేసి ఉంచాడు. గ్లూకోజూ మాంసకృత్తులూ ఒక చేత, కొవ్వు ఇంకో చేత అందడంతో, బతకరనుకున్న పిల్లలు బతకడం మొదలైంది. ఫిలడెల్ఫియా పాప కథ అచ్చయింది 1968లో. 1971లో, అంటే మూడేళ్ళకే, ఇలా నరం ద్వారా పోషించిన ఒక నెలతక్కువ శిశువు కాలేయం గట్టిపడిపోయిందని అమెరికా నుంచే మొదటి నివేదిక వచ్చింది. మందూ దాని చెడూ ఇంత దగ్గర దగ్గరగా బయటపడటం అరుదు.

నాయనమ్మ అడిగిన ఆ పచ్చదనం ఏమిటో ముందు చూడాలి. పుట్టిన మొదటి వారంలో వచ్చే కామెర్లు వేరు. అవి దాదాపు ప్రతి నెలతక్కువ బిడ్డకూ వస్తాయి, నీలి లైట్ల కింద పెడితే తగ్గుతాయి. మూడో వారంలోనో నాలుగో వారంలోనో మెల్లగా పాకే పచ్చదనం ఆ జాతిది కాదు. కాలేయం తన పని తాను చేసి, బిలిరుబిన్‌ను కరిగే రూపంలోకి మార్చి, బయటికి పంపలేక చేతులెత్తేసినప్పుడు వచ్చేది. రక్తపరీక్షలో డైరెక్ట్ బిలిరుబిన్ 2 మిల్లీగ్రాములు దాటితే కొలెస్టాసిస్ అనడం చాలాకాలంగా ఉన్న వాడుక. 1 దాటితేనే జాగ్రత్తపడాలనేవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు. ఈ కామెర్లకు లైట్లు పెడితే లాభం లేదు సరికదా, బిడ్డ ఒళ్ళు కంచు రంగుకు తిరగొచ్చు.

పైత్యరసం ఎందుకు కదలదు? విశాఖవాసికి దీన్ని రేవు మీదుగా చెప్పడం తేలిక. మన తీరం వెంట ఇసుక ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తూ ఉంటుంది. రేవు ముఖద్వారంలో డ్రెడ్జర్ తవ్వి ఎత్తి ఆర్కే బీచ్ వైపు పోయకపోతే కాలువ పూడుతుంది. ఒంట్లో ఆ డ్రెడ్జర్‌ను నడిపేది పేగులోకి దిగిన పాలు. పాలు తగలగానే పేగు గోడ కొలిసిస్టోకైనిన్ అనే హార్మోను వదులుతుంది, పిత్తాశయం ముడుచుకుంటుంది, పైత్యరసం జారుతుంది. బిడ్డ నోటికీ కడుపుకూ చుక్క పాలు లేకపోతే ఈ పిలుపే ఉండదు. పిత్తాశయం ఉబ్బి కూర్చుంటుంది, లోపల రసం చిక్కబడి ఒండ్రు కడుతుంది. దానికి తోడు నెలతక్కువ బిడ్డ దగ్గర పైత్య లవణాల నిల్వే తక్కువ. వాటిని కాలేయం నుంచి బయటికి తోసే రవాణా ప్రొటీన్లు కూడా ఇంకా పూర్తిగా తయారై ఉండవు.

పేగు ఖాళీగా ఉండటం ఒక్కటే కారణమైతే కథ ఇక్కడే అయిపోయేది. అనుమానితుల జాబితా చాంతాడంత ఉంది.

నా లెక్కలో పేగు తర్వాతి స్థానం ఇన్ఫెక్షన్‌ది. రక్తంలోకి సూక్ష్మజీవులు చేరి విషాలు వదిలితే, ఆ మంటకు కాలేయ కణాలు పైత్యాన్ని బయటికి తోసే పని తగ్గించుకుంటాయి. సెప్సిస్ వచ్చిన ప్రతిసారీ డైరెక్ట్ బిలిరుబిన్ ఒక మెట్టు పైకెక్కడం నియోనెటాలజిస్టులకు అలవాటైన దృశ్యమే. మన దేశంలో ఈ మెట్లు మరీ నిటారు. 2016లో వచ్చిన ఢిల్లీ అధ్యయనం మూడు పెద్ద ఆస్పత్రుల పసికందుల్లో అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా రాజ్యమేలుతున్నాయనీ చాలా యాంటీబయాటిక్‌లకు అవి లొంగడం లేదనీ చూపింది. ఐరోపా పుస్తకంలో రాసిన కొలెస్టాసిస్‌నూ మన వార్డులో కనబడే కొలెస్టాసిస్‌నూ ఒకే జబ్బుగా చూడకూడదని నేననేది అందుకే. అక్కడ నూనె గురించి వాదించుకునే తీరిక ఉంది. ఇక్కడ ముందు చేతులు కడుక్కోవడం, గొట్టం మూతిని తుడవడం, అక్కర్లేని రోజున గొట్టం పీకేయడం గురించి మాట్లాడుకోవాలి.

గ్లూకోజుది మామూలు అత్యాశ కథ. బరువు పెంచాలన్న ఆత్రంలో లెక్క మించి ఎక్కిస్తే మిగిలింది కొవ్వుగా మారి కాలేయంలో పేరుకుంటుంది. మాంగనీసు, రాగి బయటికి పోయే దారి పైత్యమే. ఆ దారి మూసుకున్నాక కూడా అదే మోతాదు ఎక్కిస్తూ పోతే మాంగనీసు మెదడులో చేరుతుంది. అలాగని రాగిని మొత్తం ఆపేస్తే అది లేక వచ్చే జబ్బులు వేరు. అల్యూమినియం సంగతి ఇంకా చిత్రం. గాజు సీసాల్లో వచ్చే కాల్షియం గ్లూకోనేట్ దానికి పెద్ద మూలం, అందుకే అమెరికా ఎఫ్‌డీఏ రోజుకు కిలోకు 5 మైక్రోగ్రాములు మించకూడదన్న హద్దు పెట్టింది. వెలుతురు పడితే ఈ ద్రావణంలో పెరాక్సైడ్లు పుడతాయి కాబట్టి రెండేళ్ళలోపు పిల్లలకు ఇచ్చే సంచినీ గొట్టాన్నీ వెలుతురు సోకకుండా కప్పాలని ఐరోపా మందుల సంస్థ 2019లో చెప్పింది. చాలా వార్డుల్లో సంచికి చుట్టేది అల్యూమినియం రేకే. లోపల ఉండకూడని లోహం బయట కాపలా కాస్తుంటుంది!

ఇక నూనె. గత ముప్పై ఏళ్ళ చర్చలో సగానికి సగం దీని మీదే నడిచింది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి.

సోయా నూనెలో ఫైటోస్టెరాల్స్ ఉంటాయి, మొక్కల కొలెస్ట్రాల్ అనుకోవచ్చు. నోటితో తింటే పేగు వాటిలో చాలా భాగాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది. నరంలోకి ఎక్కిస్తే ఆపే కాపలాదారు లేడు. టీపీఎన్ మీద కామెర్లు వచ్చిన పిల్లల రక్తంలో ఇవి బాగా పెరిగి ఉన్నాయని 1993లో లండన్ పరిశోధకులు చూపారు. వాటిలో స్టిగ్మాస్టెరాల్ అనేది పైత్యాన్ని బయటికి పంపమని కాలేయ కణానికి ఆజ్ఞ ఇచ్చే వ్యవస్థకే అడ్డుపడుతుందని తర్వాతి ప్రయోగశాల పనుల్లో తేలింది. 2006లో బోస్టన్ పిల్లల ఆస్పత్రి నుంచి కాథ్లీన్ గురా, మార్క్ ప్యూడర్ బృందం ఇద్దరు శిశువుల కథ ప్రచురించింది. సోయా నూనె మానిపించి చేపనూనెతో చేసిన ఒమెగావెన్ పెడితే ముదిరిన కామెర్లు విరిగాయి. ఆ మందుకు అమెరికాలో అప్పటికి అనుమతి లేదు. తల్లిదండ్రులూ డాక్టర్లూ ఒక్కో బిడ్డకూ విడిగా అనుమతి తెచ్చుకుంటూ పన్నెండేళ్ళు నడిపారు. 2018 జూలైలో ఎఫ్‌డీఏ అనుమతించింది.

ఆ అనుమతి పత్రంలో ఒక వాక్యాన్ని మాత్రం చాలామంది చూసీ చూడనట్టు దాటేస్తారు. ఒమెగావెన్ వచ్చిన జబ్బుకు గానీ రాకుండా ఆపడానికి కాదని అందులో స్పష్టంగా ఉంది. ఇంకో చిక్కు. బోస్టన్ పిల్లలకు చేపనూనె రోజుకు కిలోకు ఒక్క గ్రామే ఇచ్చారు. పోలికకు తీసుకున్న పాత రోజుల పిల్లలకు సోయా నూనె అంతకు రెండు మూడు రెట్లు వెళ్ళేది. మరి మేలు చేసింది చేపా, తగ్గిన మోతాదా? అలాగైతే సోయా నూనెనే తగ్గిస్తే సరిపోదా అని 2016లో ఒక అమెరికన్ బృందం 29 వారాలలోపు పుట్టిన పిల్లల్లో పరీక్షించింది. తగ్గించినా కొలెస్టాసిస్ తగ్గలేదు. పైగా ఎదిగే మెదడుకు కొవ్వు కావాలి, మరీ కత్తిరించడమూ ప్రమాదమే.

సోయా, కొబ్బరిజాతి మధ్యశ్రేణి కొవ్వు, ఆలివ్, చేప కలిపిన మిశ్రమం, మన దగ్గర ఎస్‌ఎంఓఎఫ్ పేరుతో దొరికేది, మధ్యేమార్గంగా వచ్చింది. అందులో చేపనూనె పాలు 15 శాతం. కిలోలోపు పిల్లల మీద 2018లో వియన్నా నుంచి వచ్చిన పరీక్షలో మిశ్రమం తీసుకున్నవాళ్ళలో కామెర్లు కొంత తక్కువ కనబడ్డాయి గానీ, ఆ తేడా కాకతాళీయం కాదని చెప్పేంత లేదు. 2019 నాటి కాక్రేన్ సమీక్ష పరీక్షలన్నిటినీ కుప్పపోసి చూసి, శస్త్రచికిత్స అవసరం లేని నెలతక్కువ పిల్లల్లో ఏ నూనె మరో నూనెకన్నా మెరుగని చెప్పలేమని తేల్చింది. ఐరోపా పిల్లల పోషణ నిపుణుల 2018 మార్గదర్శకాలేమో, కొద్ది రోజులు మించితే ఒట్టి సోయా నూనె వద్దు, మిశ్రమమే ముందు వాడమన్నాయి. ఒకే సాక్ష్యం, రెండు తీర్పులు. నా మొగ్గు ఎటంటే, డబ్బు అడ్డు కాకపోతే మిశ్రమం వాడటంలో తప్పులేదు. కానీ మిశ్రమం వాడుతున్నాం కదా అని టీపీఎన్ రోజులు పెంచుకుంటూ పోతే కొన్నది నూనె కాదు, నిర్లక్ష్యం.

ఇక్కడో పిడకలవేట. ఫిషింగ్ హార్బర్లో కవళ్ళు, కానాగంతలు కుప్పలుగా దిగే ఊళ్ళో ఈ మాట చదివి, బాలింత చేపలు తింటే బిడ్డ కాలేయం బాగుపడుతుందా అని ఎవరైనా అడగొచ్చు. తల్లికి మంచిదే, తల్లిపాలలోని కొవ్వుల పాళ్ళూ కొంత మారతాయి. నరంలోకి వెళ్ళే సోయా నూనెకు మాత్రం అది విరుగుడు కాదు.

పేగు మూసి ఉంచడమే మొదటి దోషమైతే, ఎంత త్వరగా తెరవొచ్చు? ఎన్‌ఈసీ భయం ఎంతవరకు నిజం? కాలేయం పేరెత్తకుండానే కాలేయానికి అసలు మేలు చేసిన పరిశోధన ఈ వైపు జరిగింది. బ్రిటన్‌లో జరిగి 2012లో అచ్చయిన అడెప్ట్ పరీక్షలో, గర్భంలోనే ఎదుగుదల కుంటుపడిన 404 మంది శిశువుల్లో సగం మందికి రెండో రోజున, మిగతావాళ్ళకు ఆరో రోజున పాలు మొదలుపెట్టారు. ముందు మొదలుపెట్టినవాళ్ళలో ఎన్‌ఈసీ చెప్పుకోదగ్గంత పెరగలేదు, కొలెస్టాసిస్ తగ్గింది, టీపీఎన్ రోజులూ తగ్గాయి. 2019లో వచ్చిన సిఫ్ట్ పరీక్ష 2,800 మంది పిల్లల్లో పాలు పెంచే వేగాన్ని పోల్చింది. రోజుకు కిలోకు 30 మి.లీ. చొప్పున పెంచినా, 18 చొప్పున పెంచినా రెండేళ్ళ నాటికి బతుకులో, ఎదుగుదలలో తేడా లేదు. వేగంగా పెంచినవాళ్ళు మాత్రం పదో రోజుకు బదులు ఏడో రోజుకే పూర్తి పాలకు చేరారు. ఆ మూడు రోజులు నరానికీ సెలవు, కాలేయానికీ సెలవు.

వీటికన్నా మనకు దగ్గరిది ఢిల్లీలోని లేడీ హార్డింజ్ కాలేజీ నుంచి 2019లో వచ్చింది. కిలో నుంచి కిలోన్నర మధ్య పుట్టి నిలకడగా ఉన్న 180 మంది శిశువుల్లో కొందరికి మొదటి రోజు నుంచే మొత్తం తిండి పాలతోనే ఇచ్చారు. వాళ్ళు సగటున ఆరున్నర రోజుల్లో పూర్తి పాలకు వచ్చారు, పాత పద్ధతివాళ్ళకు పది రోజులు పట్టింది. ఎన్‌ఈసీ పెరగలేదు, సెప్సిస్ తగ్గింది. చాలా జిల్లా ఆస్పత్రుల్లో టీపీఎన్ కలిపే శుభ్రమైన గదే ఉండదు. అక్కడికి ఈ పరీక్ష పేదవాడి సర్దుబాటులా కాదు, మెరుగైన వైద్యంలా చేరాలి. టీపీఎన్ లేదని చిన్నబోయే డాక్టరుకు, చాలామంది పిల్లలకు అది అక్కర్లేకుండా చేయడమూ ఒక విద్యేనని ఇది చెప్పింది. కిలోలోపు పిల్లల మాట వేరు. వాళ్ళకు టీపీఎన్ తప్పదు, అయితే దానితోపాటే మొదటి రోజునే ఒకటి రెండు మి.లీ. ముర్రుపాలు గొట్టంలోంచి వెళ్ళాలి. కడుపు నింపడానికి కాదు, పిత్తాశయాన్ని తట్టి లేపడానికి.

మాటవరసకు పాలు అనేస్తాం గానీ, పాలెక్కడివి? పాడేరు ఘాట్ దిగి అంబులెన్సులో బిడ్డ వస్తుంది, ఆపరేషన్ కుట్లతో తల్లి అక్కడే ఉండిపోతుంది. ఇద్దరి మధ్యా వంద కిలోమీటర్ల పైచిలుకు కొండదారి. పిండకపోతే మూడు నాలుగు రోజుల్లో పాలు ఎండుముఖం పడతాయి. తల్లిని బిడ్డతోపాటే పంపడం, లేదా రెండు మూడు గంటలకోసారి పిండి చల్లగా పంపే ఏర్పాటు చేయడం కాలేయ వైద్యం కిందికే వస్తుంది, ఏ పాఠ్యపుస్తకంలోనూ ఆ శీర్షిక కింద కనబడకపోయినా. ముంబైలోని సయాన్ ఆస్పత్రిలో అర్మిడా ఫెర్నాండెజ్ 1989లోనే తల్లిపాల బ్యాంకు పెట్టారు. తెలుగునేల మీద హైదరాబాద్ నీలోఫర్ ఆస్పత్రిలో 2017లో ధాత్రి పాల బ్యాంకు వచ్చింది. సొంత తల్లి పాలు అందని రోజుల్లో దాత పాలు ఆ లోటు పూడుస్తాయి, పోతపాలకన్నా ఎన్‌ఈసీ భయం తక్కువ.

మందుల సంగతి త్వరగా ముగించొచ్చు. పిత్తాశయాన్ని కదిలించే హార్మోనునే ఇంజెక్షన్‌గా ఇచ్చి చూశారు, 2005 పరీక్షలో పని చేయలేదు. పేగు కదలికకు పెద్ద మోతాదు ఎరిత్రోమైసిన్ ఇస్తే కొలెస్టాసిస్ తగ్గిందని 2007లో హాంకాంగ్ వాళ్ళు చూపారు గానీ, యాంటీబయాటిక్‌ను అలా వాడటానికి జంకు సహజం. అర్సోడియాక్సికోలిక్ ఆమ్లం అందరూ రాస్తారు, దాని వెనక సాక్ష్యం పలచన.

నిఘాకు వారానికోసారి డైరెక్ట్ బిలిరుబిన్ చూడటం చవకైన పని. దాంతోపాటు ఫాస్ఫరస్. అమైనో ఆమ్లాలు అందగానే బిడ్డ కణాలు కట్టుకోవడం మొదలుపెట్టి రక్తంలోని ఫాస్ఫరస్‌ను లాగేసుకుంటాయి. 

ఒక హెచ్చరిక మాత్రం ఇక్కడే చెప్పాలి. టీపీఎన్ మీద ఉన్న బిడ్డ పచ్చబడితే టీపీఎన్ వల్లేలే అనేసుకోవడం తేలిక. దొడ్డి సున్నంలా తెల్లబడి, టీపీఎన్ ఆపి పాలు పూర్తిగా తాగుతున్నా బిలిరుబిన్ దిగకపోతే, పైత్యనాళాలే మూసుకుపోయే బిలియరీ అట్రీషియా కావచ్చు. దానికి చేసే కసాయ్ ఆపరేషన్ అరవై రోజులలోపు జరిగితేనే ఫలితం బాగుంటుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, థైరాయిడ్ లోపం, గాలక్టోసీమియా, సైటోమెగలో వైరస్ కూడా చూసుకోవాలి.

పేగు కోత పడకుండా ఉండి పూర్తి పాలకు చేరిన పిల్లల్లో ఎక్కువమందికి ఈ కామెర్లు వారాల్లోనో కొన్ని నెలల్లోనో వాటంతటవే తగ్గిపోతాయి. అసలు కష్టం ఎన్‌ఈసీకి ఆపరేషన్ చేసి పేగు చాలా భాగం తీసేసిన పిల్లలది, కడుపు గోడ చీలి పేగులు బయటపడి పుట్టిన పిల్లలది. వాళ్ళకు నెలల తరబడి నరమే దిక్కు. ఇంటి దగ్గర టీపీఎన్ నడిపే ఏర్పాటు మన దేశంలో చాలా అరుదు. చేపనూనె అచ్చంగా అక్కరకొచ్చేది వీళ్ళకే, అదే వీళ్ళకు అందనంత ఖరీదు. అది అందినవాళ్ళలోనూ బిలిరుబిన్ దిగినంత మాత్రాన లోపలి మచ్చ పోయినట్టు కాదు. టీపీఎన్ మానేసి ఏళ్ళు గడిచినా కొందరి కాలేయంలో గట్టిదనం మిగిలే ఉందని 2013లో ఫిన్లాండ్ పరిశోధకులు చూశారు.

కాబట్టి బిడ్డ ఇంటికెళ్ళే రోజు డిశ్చార్జి కాగితం మీద బరువు, టీకాలతోపాటు మరి రెండు అంకెలు రాయాలి: టీపీఎన్ ఎన్ని రోజులు నడిచింది, చివరి డైరెక్ట్ బిలిరుబిన్ ఎంత. ఇంకా పచ్చగానే వెళ్తుంటే ఎ, డి, ఇ, కె విటమిన్ చుక్కలు ఎన్నాళ్ళు వేయాలో తెలుగులో రాసివ్వాలి. పైత్యం పేగులోకి రాకపోతే కె విటమిన్ ఒంటికి పట్టదు, చిన్న దెబ్బకే నెత్తురు ఆగకపోవచ్చు, ఒక్కోసారి అది మెదడులోనే కారొచ్చు. ఆ కాగితం చేతబట్టుకుని నాయనమ్మ వెళ్ళేది కొండ మీది పీహెచ్‌సీకి. అక్కడి నర్సుకు కేజీహెచ్ ఫైలు కనబడదు. కనబడేవి ఆ రెండు అంకెలు, బిడ్డ కళ్ళ రంగు, గుడ్డలోని దొడ్డి రంగు.